నాలుగు నెలల అధికారం

వాదనకు దిగిన ఇద్దరూ మామా మేనకోడళ్లు. ఆయన గుంటూరు జిల్లాలో హైస్కూలు సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆమె హైకోర్టులో ప్రాక్టీసు చేస్తున్న లాయరు. పేచీ శాసన మండలి గురించి. ఆంధ్రప్రదేశ్‌లో పెద్దల సభ 1958లో పుట్టింది, 1985లో పోయింది, 2007లో తిరిగొచ్చింది, 2020లో మళ్లీ పోబోయి ఆగింది. ఇన్నేళ్లు టీచర్ల నియోజకవర్గంలో ఓటేసిన మనిషి ఆ సభ వద్దంటాడు. ఆ ఓటు ఎన్నడూ లేని అమ్మాయి కావాలంటుంది. నేను విన్నాను, ఒక్కచోట మాత్రం నోరు పెట్టాను.

లాయరు: ముందు ఇది చెప్పు మామయ్యా. శాసనసభ అంటే ఏమిటని అడిగితే నీ క్లాసులో ఏం చెప్పేవాడివి?

మాస్టారు: చట్టాలు చేసే సభ. రెండు మార్కుల ప్రశ్న.

లాయరు: నేనైతే ఒక మార్కు కోసేస్తాను. చట్టం రాసేది సభ కాదు. శాఖ ఫైలు నడుపుతుంది, న్యాయశాఖ ముసాయిదా తయారుచేస్తుంది, మంత్రివర్గం ఒప్పుకుంటుంది. బిల్లు సభ గుమ్మం తొక్కేసరికి దాన్ని గట్టెక్కించే ఓట్లు ప్రభుత్వం జేబులోనే ఉంటాయి. లేకపోతే అది ప్రభుత్వంగానే ఉండదు. మరి సభ ఎందుకు? అడగడానికి. ఈ క్లాజు ఎందుకు పెట్టావు, ఈ అధికారికి ఇంత పెత్తనం ఎందుకిచ్చావు, వాడు తప్పు చేస్తే జనం ఎవరి దగ్గరికి పోవాలి అని. బిల్లు ప్రవేశపెట్టడం ఒక మెట్టు, క్లాజుల వారీగా చూసి సవరించడం రెండో మెట్టు, మొత్తంగా ఆమోదించడం మూడో మెట్టు. సభకు అసలు పని పడేది రెండో మెట్టు మీదే.

మాస్టారు: ఆ మెట్టు మీద మనవాళ్లు ఎంతసేపు నిలబడతారో టీవీలో చూస్తూనే ఉన్నాంగా. క్లాజు రెండు నుంచి పద్నాలుగు దాకా బిల్లులో భాగమని ఒక్క గుక్కలో చదివేస్తారు. ఒక పక్క అవునంటారు, ఒక పక్క పోడియం చుట్టూ కేకలేస్తుంటారు. మూజువాణి ఓటుతో సరి.

లాయరు: నా మాటా అదే. అలా సరిపెట్టేస్తారు కాబట్టే రెండోసారి చూసే చోటు ఒకటి ఉండాలంటాను.

మాస్టారు: మొదటిసారి చూడనివాళ్ల తమ్ముళ్లూ బావమరుదులూ రెండోసారి చూస్తారా? ఆ చోటుకి వెళ్లేదెవరో చూడు ముందు. నా సంగతే తీసుకో. సర్వీసులో ఉన్నన్నాళ్లు నాకు మూడు ఓట్లు. ఎమ్మెల్యేకి ఒకటి, పట్టభద్రుణ్ణి కాబట్టి గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీకి ఒకటి, హైస్కూలు టీచర్ని కాబట్టి టీచర్ ఎమ్మెల్సీకి ఒకటి. రిటైరయ్యాక ఒకటి పోయింది, రెండు మిగిలాయి. మా పొలం కౌలుకు చేసే అతనికి పుట్టినప్పట్నుంచీ ఒకటే. ప్రభుత్వం నాకంటే ఎక్కువగా తగిలేది అతనికే. ఎరువు ధర, కౌలు కార్డు, కరెంటు, అన్నీ అతని మీదే పడతాయి. నాకు రెండో ఓటు ఎందుకివ్వాలి? డిగ్రీ ఉందనా?

లాయరు: అది నేను సమర్థించను.

మాస్టారు: ఆగవే, ఇంకా ఉంది. నాతోపాటే ట్రైనింగయి ఊళ్లో ఎలిమెంటరీ స్కూల్లో ఉండిపోయిన మిత్రుడికి టీచర్ ఓటు లేదు. సెకండరీ స్కూలు స్థాయికి తగ్గని బడిలో పనిచేసినవాళ్లకే అని రాజ్యాంగంలోనే రాసిపెట్టారు. పిల్లలకి అక్షరాలు దిద్దించేవాడు టీచరు కాదట. ప్రతి ఎన్నికకీ ఊదారంగు స్కెచ్ పెన్నుతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి వచ్చేవాణ్ణి. వేసినప్పుడల్లా వాడి ముఖం గుర్తొచ్చేది.

(ఇక్కడ పాఠకులకు కొంచెం లెక్క చెప్పాలి. 171వ అధికరణం ప్రకారం మండలి సభ్యుల్లో మూడో వంతు మందిని స్థానిక సంస్థల ప్రతినిధులు ఎన్నుకుంటారు, మరో మూడో వంతును ఎమ్మెల్యేలు. పన్నెండో వంతు పట్టభద్రులది, ఇంకో పన్నెండో వంతు ఉపాధ్యాయులది. మిగిలినవాళ్లను సాహిత్యం, శాస్త్రం, కళలు, సహకారోద్యమం, సమాజసేవ రంగాల నుంచి గవర్నరు నామినేట్ చేస్తారు. మొత్తం సంఖ్య శాసనసభలో మూడో వంతు మించకూడదు, నలభైకి తగ్గకూడదు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 58, తెలంగాణలో 40.)

లాయరు: టీచర్లూ పట్టభద్రులూ కలిపి ఆరో వంతే. ఆ ఆరో వంతులోంచే కొందరు మంచివాళ్లొచ్చారు, అది ఒప్పుకో. చుక్కా రామయ్య గారు అసెంబ్లీకి పోటీ చేస్తే గెలిచేవారా? ప్రొఫెసర్ నాగేశ్వర్ ఏ పార్టీ టికెట్టూ లేకుండా ఏ నియోజకవర్గంలో నెగ్గేవారు? మొదటి మండలికి అధ్యక్షులు మాడపాటి హనుమంతరావు గారు. నిజాం కాలంలో హైదరాబాదులో తెలుగు గ్రంథాలయాలు నిలబెట్టిన మనిషి. డబ్బు మూటలతో, కులం లెక్కలతో కుదరని మనుషులకి ఇదొక్కటే దారి.

మాస్టారు: నువ్వు వేళ్ల మీద లెక్కపెట్టే పేర్లు చెప్పావు. మిగతా వాళ్ల సంగతి నేను చెప్తా. ఎన్నికల్లో ఓడినవాళ్లు, టికెట్ త్యాగం చేసినవాళ్లు, అలిగినవాళ్లు, అలుగుతారేమోనని భయమున్నవాళ్లు. స్థానిక సంస్థల కోటా అంటావా, ఎంపీటీసీలని బస్సులెక్కించి క్యాంపులకి తీసుకుపోవడమే కదా? 2021లో మన రాష్ట్రంలో ఆ కోటా సీట్లు పదకొండుకి పదకొండూ ఏకగ్రీవం! గవర్నర్ కోటాలో ఏ కవి ఉన్నాడు, ఏ శాస్త్రవేత్త ఉన్నాడు? 2023లో తెలంగాణ గవర్నరు రెండు పేర్లు తిప్పి పంపింది, ఆ రంగాలకూ వీళ్లకూ సంబంధం లేదనేగా!

లాయరు: తిప్పి పంపడం సరైందా కాదా అన్నది వేరే గొడవ, కోర్టుకెక్కింది కూడా.

మాస్టారు: అన్నిటికన్నా పెద్దది దొడ్డిదారి. 1952 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలో 375 సీట్లకి కాంగ్రెస్‌కి వచ్చినవి 152. ప్రకాశం పంతులు గారిని ముందు పెట్టుకుని మిగతా పక్షాలు కూటమి కట్టి, మెజారిటీ మాదేనన్నాయి. గవర్నర్ శ్రీప్రకాశ ఏం చేశాడు? ఎన్నికల్లో నిలబడనే నిలబడని రాజాజీని మండలికి నామినేట్ చేసి ముఖ్యమంత్రిని చేశాడు. ఆంధ్ర జిల్లాల తీర్పు ఒక్క కాగితంతో కొట్టుకుపోయింది. పెద్దల సభ మనవాళ్లకి మొట్టమొదట చేసిన ఉపకారం అది.

లాయరు: ఆ తప్పు గవర్నరుది. మండలి లేకపోయినా ఆర్నెల్లలో ఉప ఎన్నికలో గెలిస్తే చాలు, ముఖ్యమంత్రి కావచ్చు. రాజాజీకి ఆ శ్రమ లేకుండా పోయింది, అంతే.

మాస్టారు: ‘అంతే’నా? జనం ముందుకెళ్లి ఓటడిగే శ్రమేగా ప్రజాస్వామ్యం!

లాయరు: సరే, మనుషుల్ని వదిలెయ్. నువ్వు చెప్పినవన్నీ నిజమే అనుకుందాం. ఆ సభ చేతిలో ఉన్న అధికారమేమిటో చూద్దాం. డబ్బు బిల్లయితే పద్నాలుగు రోజులు. ఆలోగా తిప్పి పంపకపోతే రెండు సభలూ ఆమోదించినట్టే. మామూలు బిల్లయితే మూడు నెలలు పట్టి ఉంచొచ్చు. అసెంబ్లీ రెండోసారి ఆమోదించి పంపితే ఇంకో నెల. ఆపైన మండలి ఒప్పుకున్నా మానినా బిల్లు గవర్నర్ దగ్గరికి పోతుంది. మొత్తం నాలుగు నెలలు. ఏ చట్టాన్నీ చంపలేదు, ఏ ప్రభుత్వాన్నీ దించలేదు. మంత్రివర్గం జవాబు చెప్పాల్సింది అసెంబ్లీకి మాత్రమే. ఇంత చిన్న అధికారానికి ఇంత భయమేమిటి?

మాస్టారు: ఇంత చిన్న అధికారానికి ఇంత పెద్ద సభ ఏమిటని నా ప్రశ్న. తేడా వస్తే రెండు సభలూ కలిసి కూర్చుని తేల్చుకోవచ్చుగా. 2002లో ఉగ్రవాద నిరోధక చట్టం పోటాకి ఢిల్లీలో అలాగేగా చేసింది?

ఇక్కడే నేను కలగజేసుకున్నాను. ఉమ్మడి సమావేశం పార్లమెంటుకే ఉంది, రాష్ట్రాలకు లేదు. పార్లమెంటులో కూడా ఇప్పటిదాకా మూడు చట్టాలకే అవసరపడింది: 1961లో వరకట్న నిషేధం, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు, 2002లో పోటా. రాష్ట్రంలో పేచీ వస్తే గెలుపు ఎప్పుడూ అసెంబ్లీదే. ఎప్పటికి గెలుస్తుందన్నదే మిగిలేది.

లాయరు: విన్నావా? ఆ ‘ఎప్పటికి’ అన్నదే నా కేసు. 2020 తీసుకో. జనవరి 20న మూడు రాజధానుల బిల్లు, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) రద్దు బిల్లు అసెంబ్లీలో పెట్టారు. అదే రోజు రాత్రికి పాసయ్యాయి. రాజధాని కోసం ముప్ఫై మూడు వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చిన రైతుల బతుకు ఒక్క పూటలో తేలిపోయింది. 175లో 151 మంది ఒక పార్టీవాళ్లే అయినప్పుడు అడిగేదెవరు? ఇరవై రెండో తేదీన మండలి చైర్మన్ షరీఫ్ గారు తన విచక్షణాధికారంతో వాటిని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానన్నారు. అప్పుడుగానీ బండి ఆగలేదు.

మాస్టారు: ఆ సెలెక్ట్ కమిటీ ఒక్కసారైనా కూర్చుందా?

లాయరు: ...లేదు. కమిటీయే ఏర్పడలేదు. అధికారులు ఫైలు ముందుకు కదలనివ్వలేదు.

మాస్టారు: అదీ! ఒక్క సాక్షిని పిలవలేదు, ఒక్క క్లాజు సవరించలేదు. జూన్‌లో అసెంబ్లీ మళ్లీ పాస్ చేసింది. మండలిలో జూన్ 17న గలాటా, ఓటింగే జరగలేదు, నిరవధిక వాయిదా. నెల గడిచింది. జులై 31న గవర్నర్ సంతకం. నీ నాలుగు నెలలూ ఖాళీగా పోయాయి. ఆ గలాటాలో ద్రవ్య వినిమయ బిల్లు కూడా ఇరుక్కుంది, గుర్తుందా? పద్నాలుగు రోజులూ గడిచేదాకా ఖజానా నుంచి పైసా తియ్యడానికి వీల్లేక జులై ఒకటిన రావాల్సిన జీతాలు, పెన్షన్లు ఆలస్యమయ్యాయి. నా పెన్షనూ అందులో ఉంది. పెద్దల సభ గురించి నాకున్న స్వానుభవం అది.

లాయరు: పెన్షను రెండు రోజులు ఆలస్యమైందని సభనే తీసెయ్యమంటావా?

మాస్టారు: నేను కాదు, ముఖ్యమంత్రే అన్నాడు. చైర్మన్ బిల్లులు ఆపిన అయిదో రోజున, జనవరి 27న, రద్దు తీర్మానం. 133 ఓట్లు అనుకూలం, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. తన మంత్రులిద్దరు ఎమ్మెల్సీలే అయినా వెనకాడలేదు.

లాయరు: అత్త మీద కోపం దుత్త మీద. 2021 నవంబరుకి మండలిలో తమకే మెజారిటీ వచ్చేసరికి ఆ రద్దు తీర్మానాన్నే వెనక్కి తీసుకున్నారు. సభ చెడ్డదైతే వాళ్లకి మెజారిటీ రాగానే మంచిదెలా అయింది? చిత్రమేమిటంటే ఆ వారంలోనే రాజధాని చట్టాలనీ వెనక్కి తీసుకున్నారు. ఒక్క రోజులో అసెంబ్లీ దాటించిన చట్టం పదహారు నెలలు కూడా నిలబడలేదు. ఆ జనవరిలో నిదానంగా కూర్చుని చూసుంటే ఈ ఎక్కడం దిగడం ఉండేదా?

(మండలి చరిత్రలో పార్టీల సిద్ధాంతం కోసం వెతికేవాళ్లు నిరాశపడక తప్పదు. 1983లో అధికారంలోకొచ్చిన ఎన్టీఆర్‌కు మండలిలో బలం లేదు, అక్కడ రాజ్యం కాంగ్రెస్‌ది. రోశయ్య మాటల దెబ్బకు తట్టుకోలేకే ఆయన సభను ఎత్తేయించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1990లో కాంగ్రెస్ ప్రభుత్వం పునరుద్ధరణ తీర్మానం చేస్తే అది ఢిల్లీలో ఆగిపోయింది. 2004లో మళ్లీ తీర్మానం, 2007లో సభ. ముఖ్యమంత్రిగా తండ్రి తెచ్చిన సభను 2020లో ముఖ్యమంత్రిగా కొడుకు వద్దన్నాడు. మామ ఎన్టీఆర్ ఎత్తేసిన సభను అల్లుడి పార్టీ కాపాడుకొచ్చింది. సభ కావాలా వద్దా అన్నది ఆ పూట అందులో ఎవరికి ఎన్ని సీట్లున్నాయనే దాన్ని బట్టి తేలిందే తప్ప మరోలా ఎన్నడూ తేలలేదు.)

మాస్టారు: ప్రభుత్వానికే అక్కడా మెజారిటీ ఉన్నప్పుడు ఆ సభ ఏం చేస్తుందో కూడా చూశాంగా. ల్యాండ్ టైట్లింగ్ చట్టం నీ వృత్తి మీదికొచ్చిందే. సివిల్ కోర్టుల్ని పక్కకి నెట్టి, టైటిల్ ఎవరిదో అధికారి తేలుస్తాడన్నారు. లాయర్లు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కారు. పల్లెల్లో జనం పాసుపుస్తకాలు గుండెలకి హత్తుకుని తిరిగారు. 2024 ఎన్నికల్లో ఊరూరా అదే మాట. జులైలో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. ఆ బిల్లు మండలి దాటే వెళ్లింది కదా? అప్పుడెక్కడుంది నీ రెండో చూపు?

లాయరు: చూడలేదు. చూడాల్సింది. అందుకు నాకూ కోపమే, ఆ రోజుల్లో నేనూ నల్లకోటుతో టెంటు కింద కూర్చున్నదాన్నే. కానీ మామయ్యా, మండలికీ అసెంబ్లీకీ గడియారం వేరు. అసెంబ్లీ అయిదేళ్లకోసారి మొత్తం మారుతుంది. మండలి అలా గడువు తీరి రద్దు కాదు, రెండేళ్లకోసారి మూడో వంతు దిగిపోతారు. ఆరేళ్ల పదవి. అందుకే ఒక్క గాలి వీచినంత మాత్రాన అంతా ఒకే రంగు అయిపోదు. 2019 గాలి 2021కి గానీ అక్కడ తెలియలేదు. 2024 గాలీ అంతే. అసెంబ్లీలో గెలిచిన కూటమికి 164, ప్రతిపక్షానికి పదకొండు. పదో వంతు కూడా లేరని ప్రతిపక్ష నాయకుడి హోదా ఇవ్వలేదు. మండలిలో అప్పుడు ఆ పార్టీకే మెజారిటీ ఉండేది కాబట్టి అక్కడ బొత్స సత్యనారాయణ ప్రతిపక్ష నాయకుడి హోదాలో లేచి మాట్లాడారు. అది నీకు నచ్చిన పార్టీ కాకపోవచ్చు. రేపు నీ పార్టీకీ పదకొండే రావచ్చు.

మాస్టారు: నా పార్టీ ఏదో నీకు తెలియదులే.

లాయరు: అమ్మకి తెలుసు.

మాస్టారు: మాట మార్చకు. నువ్వు చెప్పేది జబ్బు అసెంబ్లీకి, మందు పక్కింటివాడికి. ఫిరాయింపుల చట్టం చూడు. 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు నెల రోజుల ముచ్చట చూశాం, మర్నాడు ఏ ఎమ్మెల్యే ఎటుంటాడో తెలియదు. 1985లో పదో షెడ్యూలు తెచ్చారు. మంచిదే. కానీ దాంతో విప్ జారీ అయ్యిందంటే సభ్యుడు నోరెత్తలేడు, ఓటెటు వేయాలో పార్టీ ఆఫీసు చెబుతుంది. గోడ దూకేవాళ్లని మాత్రం ఆపలేదు, విలీనం పేరుతో గుంపుగా దూకుతున్నారు. 2019లో హైదరాబాదులో పన్నెండు మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు అలాగే దూకారు. దూకుడు ఆగలేదు, మాట ఆగింది. ప్రభుత్వం పడిపోయే ఓటుకి తప్ప విప్ వద్దను, సభ తనంత తానే అడుగుతుంది.

లాయరు: ఆ మాట కలిపి ఒప్పుకుంటాను.

మాస్టారు: కేరళ చూడు. రెండో సభ లేదు. 1980 నుంచి సబ్జెక్ట్ కమిటీలున్నాయి, బిల్లు ముందు మామూలుగా అక్కడికే పోతుంది. కమిటీలో టీవీ కెమెరా ఉండదు కాబట్టి అరిచే పని లేదు, చదివే పని ఉంటుంది. నాకు కావలసింది అదీ. ఇంకో యాభై ఎనిమిది మంది జీతభత్యాలు కాదు.

లాయరు: కమిటీలో ఎవరుంటారు? సభలో ఎవరెంతమందో ఆ లెక్కలోనే ఉంటారు. 164 ఉన్న సభలో కమిటీ కూడా 164 లాగే ఉంటుంది. ప్రజాపద్దుల కమిటీ అధ్యక్షత ప్రతిపక్షానికివ్వడం ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ. 2024 నవంబరులో అది కూటమిలోని పార్టీ ఎమ్మెల్యేకే పోయింది. ఓట్ల లెక్క చూస్తే తప్పు లేదు. ఆనవాయితీకి మాత్రం విలువ లేకుండా పోయింది.

మాస్టారు: అయితే కమిటీ కూడా వద్దు. నీకు కావలసింది సమయం. పొద్దుట్నుంచీ నువ్వు మండలిని మెచ్చుకున్న ప్రతిసారీ మెచ్చుకున్నది ఆ నాలుగు నెలల్నేగానీ ఆ మనుషుల్ని కాదు. నాలుగు నెలలు ఉంచి మనుషుల్ని తీసేద్దాం. ఏ బిల్లయినా తెలుగులో అచ్చేసి జనం ముందు పెట్టిన తొంభై రోజుల దాకా ఓటుకి రాకూడదు. డబ్బు బిల్లు, విపత్తు బిల్లు వేరు. మా కౌలుదారు చదివించుకుంటాడు, నువ్వు క్లాజు పట్టుకుని వ్యాసం రాస్తావు, యూనియన్లు అర్జీలు పెడతాయి. పెద్దల సభ ఊరంత అయిపోతుంది.

లాయరు: (కాసేపు ఆగి) బాగుంది. నిజంగా బాగుంది. కానీ ఆ నియమం ఎవరి చేతిలో ఉంటుంది? ఇప్పుడు కూడా బిల్లు ప్రతులు ముందే సభ్యులకివ్వాలని నియమాలున్నాయి. అవసరమనుకున్న రోజున ఆ నియమాన్ని సడలిస్తున్నామంటారు, పని కానిస్తారు. తన నియమాన్ని తానే సడలించుకోగల సభకి నువ్వు తొంభై రోజుల తాళం వేసి, తాళంచెవి దానికే ఇస్తున్నావు. మండలిలో నాకు నచ్చేది అదే, అది అసెంబ్లీ చేతిలో లేదు. దాని సభ్యులు ఎలాంటివాళ్లైనా సరే, వాళ్లని మూజువాణి ఓటుతో సడలించలేరు.

మాస్టారు: రాజ్యాంగంలోనే రాద్దాం.

లాయరు: దానికి పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీ కావాలి. మండలిని ఎత్తెయ్యడానికి అదీ అక్కర్లేదు. అసెంబ్లీ తీర్మానం చేస్తే పార్లమెంటులో మామూలు చట్టం చాలు, 169వ అధికరణం దాన్ని రాజ్యాంగ సవరణగానే లెక్కపెట్టదు. నువ్వు తియ్యమనేది తేలిగ్గా పోతుంది, పెట్టమనేది అంత తేలిగ్గా రాదు.

మాస్టారు: తేలిక కాబట్టే మాటిమాటికీ దాని మీద పడ్డారు. రెండో పని ఒక్కడూ తలపెట్టలేదు.

లాయరు: నువ్వు తలపెట్టు మామయ్యా. ఈసారి పట్టభద్రుల సీటుకి నామినేషన్ వెయ్యి. ఊరంతా నీ శిష్యులే.

మాస్టారు: వేస్తానే. గెలిచిన మర్నాడే లేచి నిలబడి, ఈ సభని రద్దు చెయ్యాలని తీర్మానం పెడతా.

లాయరు: పెట్టలేవు. ఆ తీర్మానం చేసే హక్కు అసెంబ్లీకే ఉంది, మండలికి లేదు.

మాస్టారు: చూశావా, దానికీ అసెంబ్లీయే కావాలి!

లాయరు: అందులో నీకు ఒక్క ఓటే ఉంది మామయ్యా, మీ కౌలుదారులాగే.